మోకాలి నీళ్ళ సాక్ష్యం

ఒకరోజు పొద్దున లేచేసరికి నా కుడి మోకాలు గుమ్మడికాయంత అయి కూర్చుంది. పడుకునేటప్పుడు అది మామూలు మోకాలే. తెల్లారేసరికి ఎర్రగా, నిగనిగలాడుతూ, చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే సెగ తగిలేట్టు తయారైంది. దుప్పటి అంచు దానికి తగిలినప్పుడు నేను పెట్టిన కేకకి పక్క వీధి కుక్కలు కూడా మొరిగాయి.

గుమ్మడికాయంత అని రాశాను గానీ, ఇది చదివేవాళ్ళలో మా కోడలు కూడా ఉంటుంది కాబట్టి ఇప్పుడే సరిదిద్దుకోవడం మంచిది. పెద్ద బత్తాయంత. కుక్కలు వాటి పని మీద అవి మొరిగి ఉంటాయి. సెగ మాత్రం నిజం, ఒంట్లో జ్వరం నిజం, మంచం దిగి రెండడుగులు వెయ్యలేక గోడ పట్టుకుని నిలబడిపోవడం నిజం.

నాకు డెబ్భై నాలుగేళ్ళు. జగ్గయ్యపేటలో నలభై ఏళ్ళు పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసి, కొట్టు మా అబ్బాయికి అప్పగించి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలిచ్చే పనిలో స్థిరపడ్డాను. బీపీ ఉంది, దానికి మాత్ర ఉంది. ఇంతకు మించి నా ఒంటితో నాకు తగాదా లేదు.

వచ్చిన చిక్కల్లా రోజులతోటి. సరిగ్గా పద్దెనిమిది రోజుల్లో వేదాద్రిలో స్వామివారి కళ్యాణం. ఆ ఏడు కళ్యాణంలో పీటల మీద కూర్చునే దంపతుల్లో మేమూ ఉన్నాం. మా ఆవిడకి ఇది ముప్పై ఏళ్ళ కోరిక. ఒక ఏడు మైల అడ్డం వచ్చింది, ఒక ఏడు పురుడు, చాలా ఏళ్ళు నేనే అడ్డం వచ్చాను. ఈసారి అన్నీ కుదిరాయని కొత్త పట్టుచీర తెచ్చుకుని, దాన్ని రోజూ ఒకసారి బీరువాలోంచి తీసి చూసి మళ్ళీ పెట్టేది. పీటల మీద కూర్చోవాలంటే రెండు కావాలి. మోకాలు మడవాలి, మనిషి నిష్ఠగా ఉండాలి. మా షావుకార్ల ఇళ్ళలో నీసు ముట్టరు. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. కాబట్టి రెండోదాని గురించి ఎవరికీ బెంగ లేదు. మా ఆవిడకి లేదు. నా సంగతి తర్వాత చెప్తాను.

మా వీధి చివర ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. అందరం డాక్టరుగారూ అనే పిలుస్తాం. ఆయన చేతి సంచిలో అన్ని జబ్బులకీ కలిపి మూడు సూదిమందులుంటాయి.

"షావుకారు గారూ, దెబ్బేమన్నా తగిలిందా?"

"ఈ వయసులో కబడ్డీ ఆడానంటావా?"

"అట్టా కాదండీ, బాత్రూంలో గానీ..."

"నొక్కకు! చూడమన్నా, నొక్కమన్లేదు."

నొప్పికి ఒక సూది పొడిచి, రక్తం తీసి ల్యాబుకి పంపాడు. సాయంత్రానికి కాగితం వచ్చింది. దాన్ని పెళ్ళి శుభలేఖ చదివినట్టు చదివి, కళ్ళజోడు తీసి, "గౌటండీ," అన్నాడు. "యూరిక్ యాసిడ్ పెరిగింది. రాజుల రోగమంటారు దీన్ని."

రాజులన్న మాట విని నాకు లోపల కొంచెం బాగానే అనిపించింది. దిండు సర్దుకుని కూర్చున్నాను.

"అదెందుకొస్తదండీ?" అని అడిగింది మా ఆవిడ, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

"మటనమ్మా. లివరు, రొయ్యలు, బీరు. బాగా తిని తాగేవాళ్ళకి వచ్చేది," అని ధారాళంగా చెప్పేసి, ఎవరింట్లో కూర్చున్నాడో అప్పుడు గుర్తొచ్చి, "అంటే... తినేవాళ్ళకి," అని నసిగి, నసిగినందువల్ల మాట ఇంకా పాడైందని గ్రహించి, "పప్పు కూడా మానెయ్యాలండీ. కందిపప్పు, పాలకూర, టమాటా," అని గబగబా ముగించాడు.

మా ఆవిడ నేను తాగిన గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది. దాన్ని మూడుసార్లు తోమిన చప్పుడు వినపడింది.

ఆ మర్నాటి నుంచీ నలభై ఏళ్ళు పప్పు అమ్మినవాడి కంచంలో పప్పు లేదు. సొరకాయ, మజ్జిగ, మళ్ళీ సొరకాయ. మాంసం తిన్నాడని అనుమానం, పప్పు తినకూడదని శిక్ష. తినేవాడికైనా ఇంత అన్యాయం జరగదు. ఆర్‌ఎంపీ రోజూ వచ్చి ఒక సూది పొడిచి, యూరిక్ యాసిడ్ తగ్గే మాత్రలని ఒక డబ్బా ఇచ్చి, వెళ్తూ వెళ్తూ దారిలో నలుగురికి నా జబ్బు పేరు చెప్పేవాడు. మూడో రోజుకల్లా పరామర్శకి వచ్చేవాళ్ళు మోకాలు చూడటం మానేసి నా మొహం చూడటం మొదలుపెట్టారు. వరసకి బావమరిదయ్యే ఒకాయన మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "బావగారూ, సరుకు కోసం హైదరాబాద్ వెళ్ళే రోజుల్లో అలవాటైందా?" అన్నాడు. సానుభూతితోనే అన్నాడు. అదే బాధ.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"ఏవండీ, ఒకటి అడుగుతా. నిజం చెప్తారా?"

"నేనెప్పుడు అబద్ధం చెప్పా?"

"అందుకే అడుగుతున్నా. మీరేమన్నా నీసు ముట్టారా?"

"నీకేమన్నా మతిపోయిందా? మటన్ ఏ రంగులో ఉంటదో కూడా తెలీదు నాకు."

గమనించారా? ఆవిడ ప్రశ్నలో మటన్ లేదు. నా జవాబులోకి నేనే తెచ్చుకుని, దాన్నే కాదన్నాను. వ్యాపారంలో దీన్ని నేర్పు అంటారు.

"ముట్టినట్టయితే ఇప్పుడే చెప్పండి," అంది. "మీ చెల్లెల్నీ, బావగార్నీ కూర్చోమని చెప్తా. అంత దూరం వెళ్ళి స్వామి ఎదురుగా దొంగ నిష్ఠతో కూర్చోలేను నేను."

చెల్లెలి పేరెత్తినప్పుడు ఆవిడ కళ్ళు బీరువా వైపు వెళ్ళాయి. "ఛ ఛ," అన్నాను. అంతకంటే పెద్ద మాట నోటికి రాలేదు.

ఇప్పుడు నా మంచితనం గురించి ఒక పేరా రాయాలి. నెలకోసారి, గురువారం నాడు, నేను బస్సెక్కి నందిగామ వెళ్తాను. అక్కడ నాతోపాటు వ్యాపారంలో పైకొచ్చిన స్నేహితుడొకాయన పక్షవాతంతో మంచం పట్టాడు. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, పాత రోజులు తలుచుకుని వస్తాను. ఎండనీ వాననీ ఒక్క నెల కూడా మానలేదు. మా ఆవిడ నా మనసుకి మురిసిపోయి ప్రతిసారీ ఆయన కోసం ఒక డబ్బాలో రవ్వలడ్లు పెట్టి పంపేది.

ఆ స్నేహితుడు పోయి నాలుగేళ్ళయింది.

చెప్పేశాను కాబట్టి మిగతాది కూడా చెప్తాను. ఆయన బతికున్నంత కాలం నిజంగానే వెళ్ళేవాణ్ణి. కాసేపు కూర్చుని, బస్టాండు దగ్గర బండి మీద ఒక డబుల్ ఆమ్లెట్ తిని, కిళ్ళీ వేసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఒక గురువారం వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆ రోజు పెద్దకర్మ. ఆయన మా వాళ్ళు కాదు కాబట్టి కబురు మా దాకా రాలేదు. అయిదు నిమిషాలు నిలబడి, ఆయన భార్యని పలకరించే ధైర్యం లేక, లడ్ల డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కొచ్చేశాను. ఆ రోజు రెండు డబుల్ ఆమ్లెట్లు తిన్నాను. దుఃఖం అనుకున్నాను. ఇంటికెళ్ళి చెబుదామనుకుంటే మా ఆవిడకి జ్వరంగా ఉంది. వారం తర్వాత చెబుదామనుకున్నాను. నెల తిరిగేసరికి ఆవిడే లడ్లు చుట్టి చేతికిచ్చి, "ఆయనకి నమస్కారం చెప్పండి," అంది. వెళ్ళాను. ఎటు వెళ్ళాలో కాళ్ళకి తెలుసు.

లడ్లు ఎవరు తిన్నారంటారా? చిల్లకల్లులో ఒక రిటైర్డు మాస్టారున్నారు. చర్చిలో పెద్దమనిషి, తిండిలో మొహమాటం లేని మనిషి. నేనెక్కిన బస్సే ఆయన చిల్లకల్లులో ఎక్కుతారు. డబ్బా ఆయన ఒళ్ళోకి, ఆమ్లెట్ నా చేతికి. ఇది మా ఒప్పందం.

అయిదో రోజున మాస్టారు చూడటానికొచ్చారు. మా ఆవిడ పక్క గదిలో బియ్యం ఏరుతోంది.

"ఏంటయ్యా షావుకారూ, మేక తిన్నది నేను, వాచింది నీకా?" అన్నారు, క్లాసులో వెనక బెంచీకి వినపడే గొంతుతో.

"మెల్లగా మాస్టారూ!"

"నాకు గౌటొచ్చింది బొటనవేలికి, నీకు మోకాలికి. పోన్లే, నీదే పెద్ద ఉద్యోగం. కానీ నాకో అనుమానం. గుడ్డుకి గౌటు రాదన్నారే మా డాక్టరమ్మ."

"ఆ మాట అనకండి."

"ఏ మాట? గుడ్డా?"

"అబ్బా!"

పక్క గదిలో బియ్యం చప్పుడు ఆగింది. మాస్టారు దగ్గి, "గుడ్డ... గుడ్డ తడిపి వెయ్యండమ్మా మోకాలి మీద," అని లోపలికి కేకేశారు. అబద్ధంలో ఆయనకి అనుభవం తక్కువ.

వెళ్ళేముందు జేబులోంచి తన గౌటు మాత్రలు తీసి ఇచ్చారు. తనకి రెండ్రోజుల్లో తగ్గిందట. ఆయన రోజుకి రెండన్నారు, నాకు తొందరెక్కువ కాబట్టి నాలుగేసుకున్నాను. ఆ మాత్రలు మోకాలి జోలికి పోకుండా నేరుగా కడుపు మీద పడ్డాయి. మడవలేని కాలితో ఆ సాయంత్రం బాత్రూముకి ఎన్నిసార్లు వెళ్ళానో రాస్తే మళ్ళీ ఎక్కువ చేసి రాశానంటారు. ఇది మాత్రం తగ్గించే రాస్తున్నాను: ఎనిమిది. ఎండాకాలం, దానికి తోడు జ్వరం. నాలుక ఎండిపోయింది. మర్నాడు మా అబ్బాయి కారు మాట్లాడి నన్నూ మా ఆవిణ్ణీ నందిగామ పంపించాడు, మాస్టారు చెప్పిన డాక్టరమ్మ దగ్గరికే.

నందిగామ బస్టాండు దగ్గర కారు నెమ్మదించింది. బండి దగ్గర అట్లకాడ పట్టుకున్న మనిషి నన్ను చూసి గుర్తుపట్టి, "ఏం సార్, ఈ నెల కనపళ్ళేదు!" అని చెయ్యి ఊపాడు.

"ఎవరండీ ఆయన?" అంది మా ఆవిడ.

"మన స్నేహితుడింటి పక్కన ఉంటాడు."

"మంచివాడిలా ఉన్నాడు," అంది.

డాక్టరమ్మది చిన్న వయసే. మోకాలు నొక్కే ముందు నొక్కుతున్నానని చెప్పి నొక్కింది, దాంతోనే సగం నమ్మకం కుదిరింది. కాలి వేళ్ళు చూసింది, మోచేతులు చూసింది, చెవి అంచులు కూడా తడిమింది. రోజూ ఏమేం మింగుతున్నానో, ఎవరిచ్చారో అడిగి అన్నీ రాసుకుంది. మాస్టారి మాత్రల దగ్గర కలం ఆపి, "ఇంకొకళ్ళ మందు మీరెలా వేసుకుంటారు బాబాయిగారూ? అందులోనూ ఈ వయసులో, కిడ్నీ ఎలా ఉందో చూడకుండా?" అని మందలించింది. తర్వాత ఎక్స్‌రే తీయించి లైటు ముందు పెట్టింది.

"ఈ రెండు ఎముకల మధ్య నల్లగా ఖాళీ ఉండాలమ్మా. ఇక్కడ సన్నటి తెల్ల గీత ఉంది చూశారా?"

"ముగ్గు గీసినట్టుందండీ," అంది మా ఆవిడ.

"అవును. అందుకే ఇది గౌటేనా అని నాకు అనుమానం. మోకాల్లోంచి నీళ్ళు తీసి చూడాలి."

"నీళ్ళలో ఏం తెలుస్తది?" అన్నాను.

"అన్నీ తెలుస్తాయి," అంది.

ఆ మాట చాలా మామూలుగా అంది. డిగ్రీ చదివినవాణ్ణే, లోకం చూసినవాణ్ణే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న నాకు కనిపించింది ఒకటే: గాజుసీసాలో నా మోకాలి నీళ్ళు, అందులో తేలుతున్న ఉల్లిపాయ ముక్కలు, మా ఆవిడ చేతిలో 'గుడ్డు: ఉంది' అని టైపు చేసిన కాగితం.

సూది వద్దన్నాను. ఎందుకన్నారు. గుండె నీరసమన్నాను. ఈసీజీ చూసి బాగుందన్నారు. మా వంశంలో మోకాలికి సూది అచ్చిరాదన్నాను. మా ఆవిడ నా వంక చూసి, "మీ వంశంలో ఎవరికి పొడిచారు?" అంది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "బాబాయిగారూ, బెదిరించడానికి చెప్పట్లేదు. పెద్దవయసులో ఒక్క కీలు ఇలా ఎర్రగా వాచి జ్వరం వస్తే ముందు అది చీము కాదని తేల్చుకోవాలి. చీమైతే కొద్దిరోజుల్లో కీలుని తినేస్తుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది. పైనుంచి చూసి అది చీమో, కీల్లో పేరుకున్న స్ఫటికాలో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. నీళ్ళే చెప్పాలి."

నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు మా ఆవిడ ఏడ్చింది. గట్టిగా కాదు. కొంగు కూడా తీసుకోలేదు. "పీటలు పోతే పోయినయ్యండీ," అంది. "ఈయన చెల్లెలే కూర్చుంటది. ఈ మనిషి కాలు నిలబెట్టండి చాలు."

ముప్పై ఏళ్ళ కోరికని అంత తేలిగ్గా పక్కన పెట్టేస్తుందని నేననుకోలేదు. "బయట మజ్జిగ దొరుకుతదేమో చూడు, నోరెండిపోతోంది," అని ఆవిణ్ణి పంపించి, డాక్టరమ్మ వైపు వంగాను.

"అమ్మా, ఆ నీళ్ళలో... మనిషి తిన్నది కనపడుతుందా?"

"ఏం తిన్నారు?"

"నేను కాదు. ఒక మనిషున్నాడనుకో. నెలకో గుడ్డు."

"గుడ్డా?"

"రెండు. డబుల్ ఆమ్లెట్. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి."

డాక్టరమ్మ మెడలో వేలాడుతున్న మాస్కు చటుక్కున మూతి మీదికి లాక్కుంది. భుజాలు కాసేపు కదిలాయి. తర్వాత చాలా గంభీరంగా, "మైక్రోస్కోపులో ఆమ్లెట్ కనపడదు బాబాయిగారూ," అంది. "గుడ్డుకి గౌటు రాదు. మీ బీపీ మాత్రలో ఒంట్లో నీరు లాగే మందుంది, దానివల్ల కూడా రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. పెరిగినంత మాత్రాన కీల్లో గౌటున్నట్టు కాదు. అసలు గౌటున్నవాళ్ళకే ఒక్కోసారి నొప్పి రోజున రక్తంలో మామూలుగా కనపడుతుంది. ఆ ఒక్క కాగితం పట్టుకుని తేల్చే జబ్బు కాదిది."

"అయితే తియ్యి," అన్నాను వీరుడిలా.

మోకాలికి మత్తిచ్చి సూది పెట్టింది. చెంబెడు నీళ్ళు వచ్చాయి. చెంబు కాదు లెండి, పెద్ద సిరంజీకి ముప్పావు. కందిపప్పు ఉడికించి పైకట్టు వంచినట్టు పచ్చగా, కాస్త మసకగా ఉన్నాయి. అయిదు రోజులుగా పప్పు మొహం చూడనివాణ్ణి కాబట్టి నాకు ఆ పోలికే తోచింది. నీళ్ళు వెళ్ళేకొద్దీ మోకాల్లో బిగువు సడలి, బతికున్నానన్న సంగతి తెలిసింది. మా ఆవిడ మజ్జిగతో వచ్చేసరికి నేను నవ్వుతున్నాను. ఆర్‌ఎంపీ పొడిచే సూదులు ఆపమంది డాక్టరమ్మ, కిడ్నీ అప్పటికే కాస్త అలిసిందట. ఆయనిచ్చిన డబ్బా కూడా పక్కన పెట్టమంది. నీళ్ళు విజయవాడ వెళ్ళాయి.

మూడో రోజున మళ్ళీ వెళ్ళాం. చీము లేదు. సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే గౌటు. నావి సూదులు కావు, చిన్న చిన్న పలకలు. కాల్షియం. వయసు మీదపడ్డాక కొందరికి కీళ్ళ మెత్తటి భాగంలో ఇది పేరుకుంటుందట, ఒక రోజున అందులోంచి కొంత రాలి కీల్లో పడి ఇలా మంట పెడుతుందట. చూడటానికి అచ్చం గౌటులాగే ఉంటుందట.

"అంటే సున్నమా?" అంది మా ఆవిడ.

"అలాగే అనుకోండి."

మా జగ్గయ్యపేట చుట్టూ నేలలో ఉన్నదంతా సున్నపురాయే. దానికోసం ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టారు. నా మోకాలి మీద ఇంకా ఎవరి కన్నూ పడలేదు.

"కిళ్ళీలో సున్నం దట్టిస్తారండీ ఈయన. అదే దిగింది," అంది మా ఆవిడ నేరస్తుణ్ణి పట్టుకున్న ఉత్సాహంతో.

"కిళ్ళీకి దీనికి సంబంధం లేదమ్మా. పాలకీ లేదు, పప్పుకీ లేదు. తిన్నదాన్ని బట్టి వచ్చేది కాదు ఇది."

"తిన్నదాన్ని బట్టి కాదా?" మా ఆవిడ మళ్ళీ అడిగింది.

"కాదు."

"మాంసం తినేవాళ్ళకి వచ్చేది కాదా?"

"కాదమ్మా. ఎవరికైనా రావచ్చు."

మోకాల్లోకి ఒక ఇంజెక్షను ఇచ్చి, మాస్టారి మాత్రే నా కిడ్నీకి తగ్గట్టు చిన్న మోతాదులో కొద్దిరోజులకి రాసి, ఐసుగడ్డ గుడ్డలో చుట్టి పెట్టుకోమని, నీళ్ళు బాగా తాగమని, కళ్యాణంలో కుర్చీ మీద కూర్చుని కాలు చాపుకోమని చెప్పి పంపించింది. కాల్షియం ఎక్కువ కావడానికి లోపల ఇంకేమన్నా కారణముందేమోనని మరో రక్తపరీక్ష రాసింది, అందులో తర్వాత ఏమీ తేలలేదు.

కార్లో కూర్చోగానే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో తప్ప మళ్ళీ నలుగురున్న చోట పట్టుకోలేదు.

"తప్పయిపోయిందండీ," అంది. "ఎవడో అన్నాడని మిమ్మల్ని అనుమానించా. గ్లాసు కూడా విడిగా తోమా."

నా జీవితంలో చాలాసార్లు నేరం చేసి దొరికిపోయాను, కొన్నిసార్లు చేసి తప్పించుకున్నాను. చేసిన నేరానికి నిర్దోషినని సర్టిఫికెట్టు రావడం, దానికి ఎదుటి మనిషి క్షమాపణ అడగడం ఇదే మొదలు. మోకాలి నొప్పి దీనికంటే నయం.

"పోన్లే," అన్నాను ఉదారంగా.

"కళ్యాణం రోజున మీ స్నేహితుడి పేరు మీద కూడా అర్చన చేయిస్తా. పాపం ఎన్నేళ్ళు మంచంలో! గోత్రమేంటో?"

"ఎవరిది?"

"ఆయనదేనండీ. అయినా ఊళ్ళోనే ఉన్నాంగా, ఒకసారి చూసిపోదాం. నేనూ చూసినట్టుంటది. కారెటు తిప్పమంటారు?"

డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు, ఎటు తిప్పాలో చెప్పమని.

"వద్దు," అన్నాను.

"ఏం? ఇంట్లో లేరా?"

"ఆయన పోయారు."

"అయ్యో! ఎప్పుడు?"

"ఈమధ్యే."

"ఈమధ్యంటే?"

"నాలుగేళ్ళు."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు, మర్చిపోయింది. "మరి లడ్లు?"

"మాస్టారు."

"నెలనెలా మీరు వెళ్ళేది?"

నాకు చాలా జవాబులు తోచాయి. ఒకటి రెండు చాలా బాగున్నాయి కూడా. కానీ తప్పయిపోయిందండీ అన్న మనిషి పక్కన కూర్చుని వాటిలో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. "బస్టాండు దగ్గర ఆమ్లెట్ తింటానికి," అన్నాను. "మొన్న చెయ్యి ఊపాడే, ఆయన బండి దగ్గర."

అప్పుడు చెయ్యి వదిలేసింది. డ్రైవరు పాట పెట్టబోయి మానుకున్నాడు.

చిల్లకల్లులో కారు హైవే దిగి మా ఊరి దారి పట్టాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది: "నాలుగేళ్ళ నుంచీ ప్రతి శనివారం ఆయనకి తగ్గాలని దీపం పెడుతున్నానండీ నేను."

 

రెండు రోజులు కోడలి చేత మాట్లాడించింది. "మామయ్యగారూ, అత్తయ్య అన్నానికి రమ్మంటున్నారు." "మామయ్యగారూ, అత్తయ్య ఐసు పెట్టుకోమంటున్నారు." కంచంలోకి పప్పు మాత్రం తిరిగొచ్చింది. మూడో రోజు పొద్దున తనే వచ్చి మంచం ముందు నిలబడింది.

"పీటల మీద కూర్చుంటున్నాం," అంది. "నేను మొక్కుకుంది స్వామికి, మీకు కాదు. ఇప్పుడు మానుకున్నానంటే ఆ సూదులాయన ఊరంతా చెప్పింది నిజమేనంటారు. ఈ వారం రోజులూ నేను పెట్టిందే తినాలి, గేటు దాటకూడదు. కళ్యాణం ముందు ఏట్లో స్నానం చెయ్యాలి."

మెట్లు దిగలేను కాబట్టి కళ్యాణం రోజు పొద్దున వేదాద్రి రేవులో నన్ను పైమెట్టు మీద కూర్చోబెట్టి, కృష్ణ నీళ్ళు బిందెతో తెప్పించి నెత్తిన పోయించింది. నూట ఎనిమిది బిందెలు. కాదు, పదకొండు. పోసిన ప్రతి బిందెనీ తను నిలబడి చూసింది.

మండపంలో నాకో కుర్చీ వేశారు. తను కింద పీట మీద కూర్చుంది, బీరువాలోని ఆ చీరతోనే. బావమరిది వచ్చి, నా కాలు చూసి, నలుగురికి వినపడేట్టు, "తగ్గిందా బావగారూ, రాజుల రోగం?" అన్నాడు.

మా ఆవిడ పసుపు కుంకాల సంచిలో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన విజయవాడ కాగితం తీసి ఆయన చేతికిచ్చింది.

"చదవండి అన్నయ్యా. మాంసం తినేవాళ్ళకి వచ్చేది సూదుల్లా ఉంటదంట. ఈయనవి పలకలు. సున్నం. పెద్ద ల్యాబువాళ్ళు రాసిచ్చారు. తిండికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మే చెప్పింది."

ఆయన ఇంగ్లీషు కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూసి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. పక్కవాళ్ళు అడిగితే వాళ్ళకీ చూపించింది. వరసగా అయిదుగురు చూశారు. ఆర్‌ఎంపీ కూడా అక్కడే ఉన్నాడు. కాగితం చూసి, "నేనూ ఇదే అనుకున్నానండీ," అన్నాడు. మా ఆవిడ నోట్లోంచి ఒక్క అబద్ధం రాలేదు. డెబ్భై నాలుగేళ్ళు ఈ విద్యలో ఉన్న నేను కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాను.

పంతులుగారు గోత్రనామాలు అడిగారు. మావి చెప్పాక, నందిగామ స్నేహితుడి పేరు కూడా వస్తుందేమోనని చూశాను. రాలేదు. మంత్రాలు మొదలయ్యాయి. కాసేపటికి, కళ్ళు స్వామి మీదే ఉంచి, పెదాలు కదపకుండా అంది:

"వచ్చే గురువారం నందిగామ పోతున్నాం. ఇద్దరం."

"ఎందుకు?" అన్నాను, ఎందుకో తెలిసి కూడా.

"ఆయన భార్య అక్కడే ఉందా?"

"ఉంది."

"ఈ నాలుగేళ్ళలో ఒక్కసారన్నా ఆవిడ గడప తొక్కారా? ఎట్టా ఉన్నావమ్మా అన్నారా?"

పంతులుగారు అక్షింతలు పంచుతూ మా వైపు వస్తున్నారు. ఒకసారి దారిలో కలిశానని చెప్పొచ్చు. ఫోను చేశాను, ఎత్తలేదని చెప్పొచ్చు.

"లేదు," అన్నాను.